బ్యాంకాక్‌లో ఒక్క రోజు, ఒక్కదాన్నే: నది వెంట తిరిగిన తీరు

ఏటిగట్టు | శనివారం, రాత్రి 8:15

పని మీద బ్యాంకాక్ వెళ్లాను. పనులన్నీ తెమిలాక సరిగ్గా ఒక రోజు చేతిలో మిగిలింది. తోడెవరూ లేరు. నవంబరు ఆఖరు, అక్కడ ఎండ కాస్త తగ్గే రోజులు. ముందురోజు రాత్రి కాగితం మీద పదకొండు చోట్లు రాసుకున్నాను. తీరా మ్యాపు ముందేసుకుని చూస్తే, నాకు బాగా మనసున్న మూడూ, అంటే గ్రాండ్ ప్యాలెస్ అనే రాజప్రాసాదం, వాట్ ఫో, వాట్ అరుణ్ అనే రెండు గుళ్లు (వాట్ అంటే గుడి), చావో ఫ్రాయా నది పక్కనే, నడిచిపోయేంత దగ్గర్లో ఉన్నాయి. మిగతా ఎనిమిదీ కొట్టేశాను. ఆ రోజు సాయంత్రం దాకా నదిని వదలకుండా తిరిగాను. ఎలా తిరిగానో రాస్తాను, వెళ్లబోయే వాళ్లకు పనికొస్తుంది.

పొద్దున్నే మెట్రో బ్లూ లైన్ ఎక్కి సనామ్ చాయ్ స్టేషన్‌లో దిగాను. 2019లో తెరిచిన స్టేషన్ అది. లోపల స్తంభాలు, పైకప్పు అన్నీ పాతకాలపు రాజసభలా కట్టారు. రైలు దిగి పని చూసుకోకుండా ఐదు నిమిషాలు అక్కడే నిలబడిపోయాను. పైకి వచ్చాక గ్రాండ్ ప్యాలెస్ దాకా ఇరవై నిమిషాల నడక.

దారిలో ఒకాయన చాలా మర్యాదగా ఆపాడు. "ఈరోజు పూజ ఉంది మేడమ్, ప్యాలెస్ మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోగా వేరే గుడి చూపిస్తాను, టుక్‌టుక్‌కి 40 బాత్‌లే" అన్నాడు. మెడలో ఏదో కార్డు కూడా వేలాడుతోంది. నేను నవ్వి, చేతులు జోడించి, ముందుకు నడిచాను. ప్యాలెస్ తెరిచే ఉంది. ఇలా తీసుకెళ్లి చివరికి రత్నాల దుకాణంలో కూర్చోబెడతారు. గేటు దాకా వెళ్లి మన కళ్లతో చూసేదాకా ఎవరి మాటా నమ్మొద్దు.

టిక్కెట్టు 500 బాత్‌లు. పొద్దున 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30 దాటితే టిక్కెట్లు ఇవ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. నేను చుడీదార్‌లో వెళ్లాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. నా ముందున్న ఒక అమ్మాయిని వెనక్కి పంపారు, తను పోయి బయట లుంగీలాంటి గుడ్డ కొనుక్కుని వచ్చింది.

ఇక అసలు సంగతి. లోపల పచ్చ (ఎమరాల్డ్) బుద్ధుడి గుడి, వాట్ ఫ్రా కేవ్. విగ్రహం చిన్నది, 66 సెంటీమీటర్లు. చాలా ఎత్తున, బంగారు పీఠాల మీద ఉంటుంది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజే స్వయంగా వస్త్రం మారుస్తాడు. నేను వెళ్లేసరికి చలికాలపు బంగారు జాలీ వస్త్రంలో ఉన్నాడు. ఫోటోలు తీయనివ్వరు, అందరూ కింద కూర్చుని చూస్తున్నారు, నేనూ కూర్చున్నాను. కాళ్లు విగ్రహం వైపు చాపకూడదు, వెనక్కి మడుచుకోవాలి.

బయటికొస్తే గుడి చుట్టూ ఉన్న ప్రాకారం లోపలి గోడంతా రామాయణం. థాయ్ వాళ్ల రామకియెన్. 178 చిత్రాలు. ఉత్తరపు గేటు దగ్గర మొదలై మన ప్రదక్షిణ దిశలోనే కథ నడుస్తుంది. జనమంతా బంగారు గోపురాల దగ్గర ఫోటోలు దిగుతున్నారు, ఈ నడవలో పల్చగా ఉంది. పేర్లు తెలిస్తే చాలు, చదవడం రాకపోయినా బొమ్మలు పోల్చుకోవచ్చు: ఫ్రా రామ్ అంటే రాముడు ఆకుపచ్చగా, ఫ్రా లక్ అంటే లక్ష్మణుడు బంగారు రంగులో, హనుమంతుడు తెల్లగా, తోసకాంత్ అంటే మన దశకంఠుడు ఆకుపచ్చని ముఖాలతో.

ఒక చిత్రం ముందు నేను అరగంటకు పైనే నిలబడ్డాను. హనుమంతుడు కొండంత పెరిగి నోరు తెరిచాడు. ఆ నోట్లో రాముడి విడిది. మైరావణుడు ఎత్తుకుపోకుండా రాముణ్ణి అలా కాచుకుంటున్నాడు. మైరావణుణ్ణి థాయ్ వాళ్లు మైయరాప్ అంటారు. మా నాయనమ్మ చెప్పిన కథలో హనుమంతుడు తోకను కోటలా చుట్టి రాముణ్ణి దాచాడు. ఇక్కడ నోట్లో దాచాడు. కథ ఒక్కటే, దాచిన చోటు వేరు. ఆ గోడ ముందు నాయనమ్మ గొంతు వినిపించింది, కళ్లు చెమర్చాయి. పక్కన ఎవరైనా ఉంటే "పద, ఇంకా చాలా చూడాలి" అనేవారు. ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి నిలబడగలిగాను.

మిగతాది రేపు రాస్తాను.

కాలికి_చక్రాలు | శనివారం, రాత్రి 9:02

అక్కా, మంచిగ రాసినవ్. కానీ ఒక్క దినం దొరికితే మూడే చూసుడేంది? నేను పోయినప్పుడు పొద్దుగాల ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్, మధ్యాహ్నం బంగారు బుద్ధుడు, సాయంత్రం గోల్డెన్ మౌంట్ గుట్ట మీది గుడి, రాత్రికి యావొరాత్ చైనాటౌన్, ఆడికెల్లి ఎరావన్ గుడి దాకా ఏడు చూసిన. మళ్ల మళ్ల పోలేం గదా. టిక్కెట్టు పైసలు పెట్టినంక ఎన్ని చూస్తే అంత లాభం అనిపిస్తది నాకు.

పదకోశం | శనివారం, రాత్రి 9:40

ఏటిగట్టు గారూ, చాలా సంతోషమమ్మా. మైరావణుడి కథ వాల్మీకంలో లేదు. మన దేశంలో ఎన్నో భాషల్లో జనం నోళ్లలో, బొమ్మలాటల్లో నడిచిన కథ. అది సముద్రం దాటి అక్కడి రాజప్రాసాదపు గోడ ఎక్కింది. మీరు ఆ చిత్రం దగ్గర ఆగడం ఎంతో సబబు.

ఇంకొక్క ముక్క. వాళ్లు ఆ నగరాన్ని బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థెప్ అంటారు. థెప్ అంటే మన 'దేవ'. పూర్తి పేరు చాలా పొడుగు. విడదీస్తే మహానగర, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని, ఉత్తమ రాజనివేశన, మహాస్థాన, విమాన, అవతార, చివర శక్రదత్త, విష్ణుకర్మ అనే మాటలు తగులుతాయి. ఇంద్రుడు ఇవ్వగా విశ్వకర్మ కట్టిన నగరం అని అర్థం. 1767లో బర్మా సేనలు అయుత్థయాను, అంటే వాళ్ల అయోధ్యను, నేలమట్టం చేశాయి. 1782లో మొదటి రాముడనే రాజు ఈ కొత్త నగరాన్ని నిలబెట్టాడు. పోయిన అయోధ్య పేరును కొత్త రాజధాని పేరులో దాచుకున్నాడు. రామకియెన్‌ను 1797లో రాయించిందీ ఆయనే.

మొదటిసారి | శనివారం, రాత్రి 10:11

అక్కా, నాకు 24 ఏళ్లు. జనవరిలో ఒంటరిగా వెళ్దామని టిక్కెట్టు తీసుకున్నా. ఇంట్లో అమ్మ భయపడుతోంది. మీకు ఎక్కడైనా భయం వేసిందా? రాత్రి ఎన్నింటి దాకా బయట ఉన్నారు?

ఏటిగట్టు | ఆదివారం, ఉదయం 7:30

@మొదటిసారి, రాత్రి తొమ్మిదిన్నర దాకా బయటే ఉన్నానమ్మా. మెట్రోలోనూ, స్కై ట్రైన్‌లోనూ ఒంటరి ఆడవాళ్లు బోలెడుమంది కనిపించారు, ఆఫీసుల నుంచి ఇళ్లకు పోయేవాళ్లు. నాకు భయం వేసిన ఘడియ ఒక్కటే, అది కూడా రోడ్డు దాటేటప్పుడు. మోటారు సైకిళ్లు కాలిబాట మీద కూడా వస్తాయి, రెండు వైపులా చూసుకో. పాస్‌పోర్టు ఫోటో కాపీ, హోటల్ పేరు థాయ్ లిపిలో రాయించుకున్న చీటీ ఒకటి పర్సులో పెట్టుకో. ఆ చీటీ నాకు చాలా ధైర్యమిచ్చింది. అమ్మకు పొద్దున, సాయంత్రం ఒక్కో ఫోటో పంపు, సగం భయం తీరిపోతుంది.

ఇక మధ్యాహ్నం సంగతి.

ప్యాలెస్ నుంచి వాట్ ఫో నడిచే వెళ్లాను. టిక్కెట్టు 300 బాత్‌లు. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. ఆ అంకెలు ముందే చదివాను గానీ లోపలికి వెళ్లేసరికి మాట పడిపోయింది. మండపం ఆ విగ్రహానికి సరిగ్గా సరిపోయినట్టుంది, స్తంభాల మధ్య నుంచి ఒకసారి ముఖం, ఒకసారి మోచెయ్యి, ఒకసారి నడుము మాత్రమే కనబడతాయి. మొత్తం ఒకేసారి చూడలేం. పాదాల దగ్గరికి వచ్చాక అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు. వెనక వైపు వరసగా 108 కంచు పాత్రలు, చిల్లర తీసుకుని ఒక్కోదాంట్లో ఒక్కో నాణెం వేస్తూ పోవాలి. ఆ టింగు టింగుమనే చప్పుడు మండపమంతా వినిపిస్తూనే ఉంటుంది. నా ముందు ఒక ముసలామె మనవరాలి చేత వేయిస్తోంది. ఆ పాప ఒక్క పాత్ర కూడా వదలకుండా వేసింది.

వాట్ ఫో అంటే సంప్రదాయ మర్దనకు పుట్టిల్లు లాంటిది. వైద్యం, ఆసనాలు, నరాల దారులు రాతి పలకల మీద చెక్కించి గోడల్లో పెట్టారు. ఆ శాసనాలు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో ఉన్నాయి. అక్కడే పాదాలకు అరగంట మర్దన చేయించుకున్నాను. పొద్దున్నుంచీ నడిచిన కాళ్లకు ప్రాణం లేచొచ్చింది.

బయటికొచ్చి థా తియెన్ రేవుకు. దారంతా ఎండుచేపల దుకాణాలు, ఆ వాసన పడని వాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సిందే. రేవు నుంచి అవతలి ఒడ్డుకు పడవ 5 బాత్‌లు. ఎక్కి దిగేలోపు రెండు మూడు నిమిషాలు. నది గోధుమ రంగులో, బలంగా పారుతోంది. ఎదురుగా వాట్ అరుణ్ దగ్గరవుతుంటే మొదట బూడిద రంగు శిఖరంలా కనిపించింది. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి పువ్వులు తేలాయి. శిఖరమంతా పింగాణీ ముక్కలు. చైనా నుంచి వచ్చే ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన పింగాణీ అట. ముక్కలను పూలుగా, రేకులుగా అతికించారు. ఒక్కో పువ్వు దగ్గరికి వెళ్లి చూస్తే మధ్యలో బొట్టులా ఒక చిన్న సాసరు అడుగు కనిపిస్తుంది. ఎవరింట్లోనో వడ్డనకు పనికొచ్చే గిన్నెలు ఇక్కడ దేవుడి శిఖరం మీద పూలై కూర్చున్నాయి.

అరుణ్ అంటే మన అరుణుడే, సూర్యుడి సారథి. పచ్చ బుద్ధుడు ప్యాలెస్‌కు పోకముందు ఈ గుడిలోనే ఉండేవాడు. లోపలి ద్వారం దగ్గర రెండు పెద్ద యక్షులు. తెల్లనివాడు రామకియెన్‌లోని రాక్షసుడు సహస్సదేచ, ఆకుపచ్చనివాడు తోసకాంత్. రావణుడు బుద్ధుడి గుడికి కాపలా కాస్తున్నాడు. చాలాసేపు ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

టిక్కెట్టు 200 బాత్‌లు. సాయంత్రం 6 దాకా తెరిచి ఉంటుంది.

అమ్మతో_యాత్ర | ఆదివారం, ఉదయం 9:05

మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. ఈ మూడూ చూపించగలనా? వాట్ అరుణ్ మెట్లు బాగా నిట్టనిలువుగా ఉంటాయని విన్నాను.

సుఖుమ్‌విత్_తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా. వచ్చిన చుట్టాలందరినీ తిప్పిన అనుభవంతో చెప్తున్నా.

అమ్మగారికి వాట్ అరుణ్ పైకి ఎక్కించవద్దు. మెట్లు నిజంగానే నిలువు, దిగేటప్పుడు ఇంకా కష్టం. కింద నుంచి చూసినా ఆ పింగాణీ పూలు కళ్ల ఎత్తులో కూడా ఉంటాయి, ఏమీ పోగొట్టుకోరు. వాట్ ఫో చదునైన నేల, అక్కడ సావకాశంగా గడపండి. ప్యాలెస్‌లో నీడ తక్కువ, ఎండ ముదరకముందే వెళ్లి పదిన్నరకల్లా బయటపడండి. గొడుగు తప్పనిసరి. గుడిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి మళ్లీ వేసుకోవాలి కాబట్టి పట్టీలు లేని చెప్పులు వేయండి. పడవ ఎక్కేటప్పుడు రేవు, పడవ రెండూ ఊగుతాయి, కాబట్టి అమ్మగారి చెయ్యి గట్టిగా పట్టుకుని, పడవను పూర్తిగా కట్టేసేదాకా ఆగండి.

ఏటిగట్టు గారు రాసిన ఆ టుక్‌టుక్ మాట అక్షరాలా నిజం. రాజకుటుంబ వేడుకలప్పుడు ప్యాలెస్‌లో కొన్ని భాగాలు నిజంగానే మూస్తారు, కానీ ఆ సంగతి గేటు దగ్గర సిబ్బంది చెప్పాలి, వీధిలో తిరిగే వాళ్లు కాదు.

ఆ యక్షుల గురించి ఇక్కడి పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటి ఉంది. వాట్ అరుణ్ యక్షుడూ, వాట్ ఫో యక్షుడూ మంచి స్నేహితులు. ఒకడు ఇంకొకడి దగ్గర అప్పు తీసుకుని తీర్చలేదు. ఇద్దరూ తన్నుకున్నారు. ఆ తొక్కిసలాటలో రేవు చుట్టూ చెట్లూ ఇళ్లూ అన్నీ నేలమట్టమైపోయాయి. అందుకే ఆ చోటుకు థా తియెన్ అని పేరు, తియెన్ అంటే చదునైపోయింది అని. చివరికి శివుడికి కోపమొచ్చి ఇద్దర్నీ రాళ్లుగా మార్చాడంటారు.

పాతచెప్పులు | ఆదివారం, మధ్యాహ్నం 1:47

తిండి సంగతి ఎవరూ రాయలేదు. నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. పోయినసారి అన్నంలో చేపల సాస్ పడిందని సగంలో వదిలేసి రోజంతా అరటిపళ్లతో గడిపాను.

సుఖుమ్‌విత్_తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

పాతచెప్పులు గారూ, రెండు మాటలు నేర్చుకుంటే చాలు. మొదటిది 'జే'. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలు, మన కంటికి 17 అంకెలా కనబడుతుంది. ఆ జెండా ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. కళ్లు మూసుకుని తినొచ్చు. రెండోది 'మాయ్ సాయ్ నామ్ ప్లా', చేపల సాస్ వేయొద్దు అని. 'మాయ్ సాయ్ ఖాయ్' అంటే గుడ్డు వేయొద్దు.

'మాంగ్‌సావిరత్' అని ఇంకో మాట కూడా వింటారు. శాకాహారం అనే అర్థంలో వాడతారు, కానీ అందులో గుడ్డు ఉండొచ్చు. కాబట్టి మీరు 'జే' అనే అడగండి.

పాహురాత్ పేటలో పెద్ద సిక్కు గురుద్వారా ఉంది, మెట్రోలో సామ్ యోత్ స్టేషన్ దిగి నడవొచ్చు. లంగర్‌లో ఎవరికైనా కడుపునిండా పెడతారు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఎన్నో ఆదివారాలు అక్కడే తిన్నాను. ఆ రుణం తీరేది కాదు.

పదకోశం | ఆదివారం, మధ్యాహ్నం 3:30

మాంగ్‌సావిరత్! అది అచ్చంగా 'మాంసవిరతి' కదా బాబూ. మనమే వాడటం మానేసిన ఇంత చక్కటి మాట వాళ్ల హోటల్ బోర్డు మీద బతికి ఉంది. ఇలాంటివి ఇంకేమైనా ఉంటే రాయండి.

సుఖుమ్‌విత్_తెలుగోడు | ఆదివారం, సాయంత్రం 4:10

బోలెడు ఉన్నాయి మాస్టారూ. ఆహారం 'ఆహాన్'. భాష 'ఫాసా'. దేశం 'ప్రథేత్'. గురువు 'ఖ్రూ'. విశ్వవిద్యాలయం 'మహావిత్థయాలయ్'. నమస్కారానికి అనే 'సవాత్‌దీ' మన స్వస్తి నుంచే వచ్చింది. స్కై ట్రైన్‌లో పోతుంటే రాచథేవి అని స్టేషన్ వస్తుంది, రాజదేవి. అసోక్ అంటే అశోక. విమానాశ్రయం పేరు సువర్ణభూమి అని రాస్తారు, సువన్నఫూమ్ అని పలుకుతారు. మా అబ్బాయి ఇక్కడి బడిలో థాయ్ నేర్చుకుంటూ, తెలుగు మాటలు ఎక్కడ కలుస్తాయో వెతికి నోటుబుక్కులో రాసుకుంటాడు.

ఏటిగట్టు | ఆదివారం, రాత్రి 8:40

సువర్ణభూమి అంటే గుర్తొచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆ విమానాశ్రయంలో క్షీరసాగర మథనం విగ్రహాల వరుస చూశాను. వాసుకిని ఒకవైపు దేవతలు, ఒకవైపు రాక్షసులు పట్టుకుని లాగుతున్నారు, నడుమ కొండ మీద విష్ణుమూర్తి. విమానం ఎక్కే తొందరలో ఉన్నవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు.

సాయంత్రం సంగతి మిగిలింది కదా. వాట్ అరుణ్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కాను. టిక్కెట్టు ఎంత దూరమైనా 16 బాత్‌లు. పర్యాటకుల కోసం వేరే నీలం జెండా పడవలు ఉన్నాయి, వాటికి ఎక్కువ తీసుకుంటారు. నారింజ జెండాలో ఊళ్లోవాళ్లు ఎక్కుతారు. బడి సంచీలతో పిల్లలు, కూరగాయల బుట్టలతో ఆడవాళ్లు. కండక్టరమ్మ చేతిలో పొడవాటి రేకు డబ్బా, అందులోనే చిల్లర, అందులోనే టిక్కెట్లు. మూతను టకటకలాడిస్తూ వస్తుంది, ఆ చప్పుడు వినగానే అందరూ చిల్లర తీస్తారు. బౌద్ధ భిక్షువులు నిలబడే చోటు విడిగా ఉంటుంది. ఆడవాళ్లు వాళ్లను తాకకూడదు, జరగాల్సి వస్తే మనమే తప్పుకోవాలి.

నడి నదిలో ఉండగా పొద్దు గుంకింది. కుడిఎడమలా పెద్ద పెద్ద హోటళ్ల అద్దాల మీద ఎర్రగా పడింది వెలుగు. పడవలో ఎవరూ ఫోటోలు తీయడం లేదు, నేనూ తీయలేదు. నా పక్కన స్కూలు పిల్ల నిద్రపోతూ నా భుజం మీదికి ఒరిగింది. సాథోర్న్ రేవు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

రేవు పక్కనే సఫాన్ తాక్సిన్ స్కై ట్రైన్ స్టేషన్. మెట్లెక్కి పైకి వచ్చేసరికి సరిగ్గా ఆరు. మైకులో జాతీయగీతం మొదలైంది. పరుగున పోతున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఎస్కలేటర్ దిగిన మనిషి కూడా అడుగు తీసి అడుగు వేయలేదు. గీతం అయ్యాక ఒక్క క్షణంలో మళ్లీ నడక. రోజూ పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ ఇలాగేనట. మీరు కూడా ఆగి నిలబడండి, అది వాళ్లకు మర్యాద.

అక్కడి నుంచి సియామ్‌లో రైలు మారి చిత్ లోమ్ దిగాను, ఎరావన్ గుడికి. 1956లో పెట్టిన నాలుగు ముఖాల బ్రహ్మ. మన దగ్గర బ్రహ్మకు గుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ నాలుగు రోడ్ల కూడలిలో, పైన రైళ్లు పోతుంటే, చుట్టూ షాపింగ్ మాల్స్ మధ్యన బ్రహ్మ చుట్టూ జనం కిటకిటలాడుతున్నారు. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి నాట్యం చేయిస్తారు. కిరీటాలు పెట్టుకున్న ఆడవాళ్లు మెల్లగా చేతులు తిప్పుతూ పాడుతూ ఆడుతున్నారు. వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్న ఒక అబ్బాయి ఏడుస్తున్నాడు. ఏ మొక్కు తీరిందో తెలియదు. రెండు నాట్యాలు అయ్యేదాకా ఉండి గదికి వెళ్లిపోయాను.

కాలికి_చక్రాలు | ఆదివారం, రాత్రి 9:15

అక్కా, ఆ నోరు తెరిచిన హనుమంతుడు నాకు యాదికి లేడు. నేను ప్యాలెస్‌ల గంట సేపున్న. ఆ గోడ పక్కకెల్లే నడిచిన. ఫోన్ల ఫోటోలు ఇప్పుడే మళ్ల చూసిన, ఒక్క దాంట్ల గోడ కొంచెం కనిపిస్తుంది, నా భుజం అడ్డమొచ్చింది. ఏడు చూసిన అని రాసిన గానీ, బంగారు బుద్ధుడి గురించి ఇప్పుడెవరన్న అడిగితే గంతే, పెద్దగ ఉండె అని తప్ప చెప్పరాదు. ఆ బుద్ధుడి కథేందో ఎవరికన్న ఎరుకనా?

పదకోశం | ఆదివారం, రాత్రి 10:05

వాట్ త్రైమిత్ గుడిలోని ఆ బంగారు బుద్ధుడి సంగతి నేను చెబుతాను బాబూ. ఐదున్నర టన్నుల బంగారు విగ్రహం. ఎన్నో తరాల పాటు దాన్ని మట్టి, గచ్చు విగ్రహమనే అనుకున్నారు. శత్రువుల కంట పడకుండా పైన గచ్చు పూసి దాచారని చెబుతారు. 1955లో కొత్త మందిరంలోకి మారుస్తుండగా తాళ్లు తెగి కింద పడింది. గచ్చు పెచ్చు ఊడి లోపల బంగారం తళుక్కుమంది. దాచినవాళ్లు పోయారు, దాచిన సంగతి చెప్పేవాళ్లూ పోయారు. అన్నాళ్లూ దండం పెట్టినవాళ్లు మాత్రం గచ్చు బుద్ధుడికే అంతే భక్తితో దండం పెట్టారు.

ఇంకొకటి. ఈసారి వెళితే జయింట్ స్వింగ్ అనే పెద్ద ఊయల దగ్గర దేవస్థాన్ అనే బ్రాహ్మణ మందిరం చూడండి. 1784లో మొదటి రాముడు కట్టించాడు. రాజు కొలువులోని బ్రాహ్మణులు ఇప్పటికీ అక్కడ పూజలు చేస్తారు. వాళ్ల త్రియంపవాయ్ ఉత్సవం పేరు తమిళుల తిరువెంబావై అనే శివస్తుతి నుంచి వచ్చింది. ఎర్రటి ఊయల స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, ఊగే ఉత్సవం మాత్రం 1935లో ఆపేశారు.

అమ్మతో_యాత్ర | సోమవారం, ఉదయం 6:50

సుఖుమ్‌విత్ గారూ, చాలా థాంక్సండీ. అమ్మకు చదివి వినిపించాను. మెట్లెక్కక్కర్లేదని వినగానే ముఖం వికసించింది. రావణుడు గుడికి కాపలా ఉన్నాడంటే మాత్రం నమ్మడం లేదు, ఫోటో చూపించమంటోంది.

మొదటిసారి | ఫిబ్రవరి మొదటివారం, రాత్రి 9:30

అక్కా, వెళ్లొచ్చాను! మీరు చెప్పినట్టే చీటీ రాయించుకున్నా, అమ్మకు ఫోటోలు పంపుతూ ఉన్నా. రెండో రోజు నుంచి అమ్మే "ఈరోజు ఎక్కడికి?" అని అడగడం మొదలుపెట్టింది.

వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, 2025 మే నుంచి పెట్టారు. అది ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నా. ప్రభుత్వ సైటులో ఉచితమే, డబ్బులు అడిగే సైట్ల జోలికి పోకండి.

ఆ గోడ దగ్గరికి కూడా వెళ్లాను. ఉత్తరపు గేటు నుంచి మొదలుపెట్టి నడిచాను. నాగలి చాలులో సీతమ్మ దొరకడం అక్కడే ఉంది. నోరు తెరిచిన హనుమంతుణ్ణి వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. దొరికాక నేనూ నిలబడిపోయాను. తర్వాత ఒక కుర్రాడి బొమ్మ కనిపించింది. ఒళ్లంతా కోతి, తోక మాత్రం చేప తోక. హనుమంతుడితో తలపడుతున్నాడు. ఎవరక్కా అతను?

ఏటిగట్టు | అదే రాత్రి, 10:20

ఎంత సంతోషంగా ఉందో నీకు చెప్పలేను.

అతను మచ్ఛాను. హనుమంతుడి కొడుకు, మన మత్స్యవల్లభుడు. మైరావణుడి పాతాళానికి కాపలా ఉంటాడు. రాముణ్ణి వెతుక్కుంటూ హనుమంతుడు తామర తూడు గుండా కిందికి దిగి అతనితో పోరాడతాడు. తన కొడుకని తెలియదు, వాడికీ తండ్రి అని తెలియదు. మన కథలో హనుమంతుడి చెమట చుక్క చేప మింగితే పుట్టాడంటారు. థాయ్ వాళ్ల కథలో రావణుడికి సువన్నమచ్ఛా అని చేప కూతురు ఉంటుంది. వారధి కడుతుంటే రాళ్లు ఎత్తుకుపోతుంది, హనుమంతుడు ఆమెను పట్టుకోబోయి ప్రేమలో పడతాడు. వాళ్ల బిడ్డే ఇతను. సువన్నమచ్ఛా అంటే బంగారు మత్స్యం అని అర్థం.

నీ దగ్గర ఆ చిత్రం ఫోటో ఉంటే పెట్టమ్మా. నేను ఆ నోటి దగ్గరే ఆగిపోయాను, ఆ పక్కన ఈ పిల్లాడు ఉన్నాడని చూడనే లేదు.